ధైర్యంగా ఉండమని ఇక ఎవరికీ చెప్పను (14వ భాగం)

పోయిన భాగంలో రిజర్వేషన్ల మీద ఎట్లా వాదించాలో రాశాను. చదివి ఒక పీజీ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "పాయింట్లన్నీ బాగున్నాయన్నా. నోట్స్ కూడా రాసుకున్నా. కానీ క్లాసులో లేచి నిలబడ్డాక గొంతు పట్టేసింది. చేతులు వణికాయి. కూర్చుండిపోయా. పాయింట్లు ఉంటే చాలదేమో అన్నా."

చాలదు తమ్ముడూ. ఈ భాగం నీ కోసమే. నీ కోసమని చెప్పి నా సంగతి కూడా రాసుకుంటున్నా.

రెండేళ్ళ కిందట ఒంగోలులో బస్సెక్కి గుంటూరు వస్తున్నాను. పక్క సీట్లో అరవై దాటిన పెద్దాయన. మంచి మనిషి. వేరుశనక్కాయల పొట్లం విప్పి నా వైపు కూడా చాపాడు. ఏం చేస్తుంటారు బాబూ అన్నాడు. డిగ్రీ కాలేజీలో లెక్చరర్నండీ అన్నా. ఏం సబ్జెక్టు? తెలుగు. ఆయన మొహం వెలిగింది. పోతన గురించి కాసేపు మాట్లాడుకున్నాం. మార్టూరు దాటాక అడిగాడు: "ఇంతకీ మీరేమిటోళ్ళు బాబూ?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియక కాదు. మాదిగనని మైకులో చెప్పినవాణ్ణి. నా పీహెచ్‌డీ దళిత సాహిత్యం మీద. ఎన్ని సభల్లో ఎంతమంది ముందు చెప్పానో లెక్కలేదు. అయినా ఆ సీట్లో గుండె ఒక్కసారి ఎగిరిపడింది. తర్వాత ఆగలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. పెదాలు మొద్దుబారాయి. ఊపిరి అందడం లేదు. కిటికీ తీశా, గాలి చాల్లేదు. ఇదే గుండెపోటు అనుకున్నా. గుంటూరు దాకా టికెట్ ఉన్నా చిలకలూరిపేటలో దిగేశాను. దగ్గర్లో కనబడ్డ ఆసుపత్రికి నడుచుకుంటూ వెళ్ళి ఈసీజీ తీయించుకున్నా. డాక్టరు కాగితం చూసి, "ఏం లేదండీ, టెన్షన్" అన్నాడు.

ఏం లేదట. నడిదారిలో బస్సు దించేసిన దాన్ని ఏం లేదన్నాడు.

ఒక్క సంగతి గమనించండి. ఆ పెద్దాయన నన్ను ఏమీ అనలేదు. నా జవాబు కూడా ఇంకా వినలేదు. విన్నాక పొట్లం ఇటే ఉంచేవాడో, అటు జరిపేవాడో నాకు ఈరోజుకీ తెలీదు. ఆయన చేయబోయేది ఏదో నా ఒళ్ళు ముందే ఊహించుకుంది. ముప్పయ్యేళ్ళుగా ఆ ప్రశ్న తర్వాత ఏం జరుగుతూ వచ్చిందో దానికి గుర్తుంది.

మా అమ్మయితే దీన్ని జడుపు అనేది. చిన్నప్పుడు ఊళ్ళోకి పనికి పోయి వచ్చిన రోజు ఒళ్ళు వెచ్చబడితే, "పిల్లాడు ఏదో చూసి జడుసుకున్నాడు" అని ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసేది. ఆ మిరపకాయలతో జడుపు పోతుందని నేను చెప్పను. కానీ ఆమె మాట తీరు చూడండి. పిల్లాడు ఏదో చూశాడు, అందుకే జడుసుకున్నాడు. జడుపు బయటి నుంచి పడింది. పిల్లాడిలో లోపముందని ఆమె ఏనాడూ అనలేదు. వేలిముద్ర వేసే మా అమ్మకు తెలిసిన ఈ సంగతి, చదువుకున్న మనకు తెలీదు. మనం ఏమంటాం? "వాడికి కాన్ఫిడెన్స్ లేదు" అంటాం. "ఇన్ఫీరియారిటీ కాంప్లెక్స్" అంటాం. ఏం చూసి జడుసుకున్నాడని అడగం.

ఒంట్లో జరిగేది ఇది. ప్రమాదం ఉందని మెదడు అనుకుంటే చాలు, నిజంగా ఉందా లేదా అని తేలేదాకా ఆగదు. అడ్రినలిన్ విడుదలవుతుంది. పరుగెత్తడానికో తిరగబడడానికో కండరాలకు రక్తం కావాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి కూడా వేగమవుతుంది. కదలకుండా కూర్చున్న మనిషి అంత వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ళు తిమ్మిరెక్కేది, కళ్ళు తిరిగేది అందుకే. ఈ లక్షణాలు చూసి చచ్చిపోతున్నామని భయపడతాం. ఆ భయానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. డాక్టర్లు పానిక్ అటాక్ అనేది దీన్నే. మామూలుగా పది నిమిషాల లోపే తారస్థాయికి పోయి, తర్వాత దానంతటదే దిగుతుంది.

ఇది ఏ కులంవాళ్ళకైనా వస్తుంది. అందరి జడుపూ కులం వల్లేనని నేను అనడం లేదు. లిఫ్టులో వచ్చేవాళ్ళున్నారు, సూపర్ మార్కెట్ క్యూలో వచ్చేవాళ్ళున్నారు. నేను అడిగేది ఒకటే. మనకు ఎక్కడెక్కడ వస్తోంది? ఒక కాగితం మీద రాసి చూడండి. అద్దె ఇంటి గేటు దగ్గర, ఓనరమ్మ "ఇంటిపేరేంటి" అనబోయే ముందు. స్టాఫ్ రూములో క్యారేజీ మూత తీసేటప్పుడు. "నీ ర్యాంకెంత?" అని హాస్టల్ రూమ్మేటు మొదటిరోజు అడిగినప్పుడు. వైవాలో ఎక్స్‌టర్నల్ మన అప్లికేషన్ మీద వేలు పెట్టి ఒక గడి దగ్గర ఆగినప్పుడు. పెళ్ళి బంతిలో మన పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయినప్పుడు. ఆ కాగితం నిండాక చూసుకోండి, అది మన మనసుల జాబితాలా ఉందో, ఈ దేశం జాబితాలా ఉందో.

నమ్మనివాళ్ళకు ఒక ప్రయోగం చెబుతా. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలతో చేశారు. 2006లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయింది. పిల్లలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. ఎన్ని పూర్తి చేస్తే అంత డబ్బు. ఎవరి కులం ఏమిటో బయటపెట్టనప్పుడు దళిత పిల్లలూ పైకులాల పిల్లలూ సమానంగానే చేశారు. తర్వాత ఇంకో గుంపు దగ్గర పేరూ, ఊరూ, తండ్రి పేరూ, తాత పేరూ, కులమూ అందరి ముందూ పైకి చదివి మొదలుపెట్టారు. అక్కడ దళిత పిల్లలు బాగా వెనకబడిపోయారు. అదే ఈడు పిల్లలు. అవే పజిళ్ళు. మారింది గదిలో వినిపించిన ఒక్క మాట. మెరిట్ అని మన ముందు ఊపే కాగితాన్ని ఈ ఒక్క ప్రయోగంతో చింపెయ్యొచ్చు.

ఉత్తరప్రదేశ్ దాకా ఎందుకు? ఆ ప్రయోగం నేనే చేశాను. నా క్లాసులోనే.

ఈ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. బీఏ రెండో సంవత్సరం క్లాసు. స్కాలర్‌షిప్ కాగితాలకు ఆ రోజే ఆఖరు. ఆఫీసు నుంచి లిస్టు వచ్చింది. "ఎస్సీ స్కాలర్‌షిప్ పిల్లలంతా ఒకసారి లేవండి" అన్నా. నలభై మందిలో తొమ్మిదిమంది లేచారు. పేర్లు చదివా, టిక్కు పెట్టా, కూర్చోమన్నా. నిమిషం పని. తర్వాత సెమినార్. మాట్లాడాల్సిన అమ్మాయి ఆ తొమ్మిదిమందిలో ఒకతె. అంశం జాషువా ‘గబ్బిలం’. గుడిలోకి రానివ్వని మనిషి, గుడి చూరుకు వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపే కావ్యం. మూడు వారాలు తయారైంది ఆ పిల్ల. బోర్డు దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది. మాట రాలేదు. చేతిలో కాగితాలు గలగలలాడాయి. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. అంతే, బయటికి వెళ్ళిపోయింది.

నేను వరండాలోకి పోయి ఏమన్నానో తెలుసా? "జాషువాను చదివిన పిల్లవి, ఇంత భయమైతే ఎట్లా అమ్మా? ధైర్యంగా ఉండాలి."

పదకొండు రోజులు కాలేజీకి రాలేదు. వచ్చాక నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. "నాకు జాషువా గురించి చెప్పడానికి భయం కాదు సార్. అంతకుముందే నన్ను నిలబెట్టారు కదా. అందరూ చూశారు. తర్వాత నేనేం చెప్పినా ఆ చూపుతోనే వింటారనిపించింది."

నేను దళిత లెక్చరర్ని. ఆ పిల్ల నిలబడ్డ బెంచీల్లో నేనూ నిలబడ్డవాణ్ణి. మన మనిషే ఆ పని చేస్తే ఇక అగ్రకుల లెక్చరర్ని ఏ మొహంతో అడగాలి? ఆ రోజు నుంచి రెండు పనులు మానేశాను. లిస్టు క్లాసులో చదవడం మానేశా, పిల్లల ఫోన్లకే విడివిడిగా మెసేజ్ పెడతా. ధైర్యంగా ఉండమని చెప్పడం మానేశా.

ఇప్పుడు ఇద్దరితో తగాదా పెట్టుకోవాలి.

మొదటివాడు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ట్రైనరు. ఏటా మన కాలేజీలకు వస్తాడు, కోటు వేసుకుని. కళ్ళలోకి చూడు, భుజాలు నిటారుగా పెట్టు, అద్దం ముందు రోజూ ‘నేను గెలుస్తా’ అను అంటాడు. అద్దం ముందు మా పిల్లలకు ఏ ఇబ్బందీ లేదయ్యా. అద్దం ‘మీరేమిటోళ్ళు’ అని అడగదు. తాతల కాలంలో పెద్దోళ్ళ కళ్ళలోకి చూస్తే దెబ్బలు పడేవి. మనవడు చూపు దించితే ఈయన బాడీ లాంగ్వేజ్ బాలేదని మార్కులు కోస్తాడు. రెండు గంటల క్లాసులో కులం అనే మాట ఒక్కసారి కూడా రాదు. రోగం పేరు చెప్పకుండా మందు అమ్మేవాణ్ణి ఏమంటారో మీకు తెలుసు.

రెండోవాడు మనవాడే. మన మీటింగుల్లో మైకు పట్టుకుని "మనం పులిబిడ్డలం, భయం మన రక్తంలోనే లేదు" అనేవాడు. చప్పట్లు కొడతాం. నేనూ కొట్టా, నేనూ ఆ మాటన్నా. కింద కూర్చున్న పిల్లకు గుండె దడ ఉంటే, తనది పులి రక్తం కాదేమోనని దాచుకుంటుంది. ర్యాలీ మధ్యలో కళ్ళు తిరిగి పక్కకు పోయినవాణ్ణి, నిన్న ఎందుకు జారుకున్నావని మర్నాడు నిలదీస్తాం. మానసిక ఆరోగ్యం డబ్బున్నోళ్ళ యవ్వారం అంటాం. ఏటా జనవరి 17న రోహిత్ వేముల ఫోటో ముందు కొవ్వొత్తులు వెలిగిస్తాం. మిగతా 364 రోజులూ మన పక్కనున్న పిల్లాడు నిద్రపోతున్నాడో లేదో అడగం. రోహిత్‌ది జడుపు అని నేను అనడం లేదు, సంస్థలు చేసింది సంస్థల లెక్కలోనే ఉండాలి. నేను అడిగేది మన లెక్క.

అంబేద్కర్ పులిబిడ్డ కబుర్లు చెప్పలేదు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ తీసి చదవండి. 1901లో, తొమ్మిదేళ్ళ వయసులో, అన్నతో కలిసి తండ్రి దగ్గరికి పోతూ మసూరు స్టేషన్‌లో దిగాడు. మంచి బట్టల్లో ఉన్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టర్ ఆప్యాయంగానే పలకరించాడు. ఎవరి పిల్లలని అడిగాడు. మహర్లమని చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. నా బస్సు ప్రయాణం కంటే నూరేళ్ళకు పైగా ముందటి సంగతి. ప్రశ్న మారలేదు. 1917లో, విదేశాల్లో చదివొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరాక, పార్సీ సత్రంలో ఉంటే కర్రలు పట్టుకుని వచ్చారు. ఆయన వాళ్ళ మీద తిరగబడ్డానని రాసుకోలేదు. ఇంకొక్క వారం ఉండనివ్వమని అడిగానని రాశాడు. వాళ్ళు వినలేదు. పబ్లిక్ గార్డెన్‌లో కూర్చున్నానని, ఆ సంగతి గుర్తొస్తే కన్నీళ్ళు వస్తాయని రాశాడు. మహద్ చెరువు దగ్గరికి వేలమందిని నడిపించిన మనిషి ఇట్లా రాశాడు. మహద్‌కు ఒంటరిగా పోలేదు, జనంతో పోయాడు. నాకు అందులో కనబడే పాఠం ఇదే. గార్డెన్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు కన్నీళ్ళు. చెరువు దగ్గర పక్కన మనుషులున్నారు.

సరే అన్నా, రేపు క్లాసులో గొంతు పట్టేస్తే ఏం చెయ్యాలి అంటావు. నాకు పనికొచ్చినవీ, డాక్టరు దగ్గర నేర్చుకున్నవీ చెబుతా.

1. మొదటిసారి వస్తే, గుండె దగ్గర నొప్పి ఉంటే, అది జడుపేనని మీరే తీర్పు చెప్పుకోవద్దు. ఈసీజీ తీయించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత ఉందో మనకు తెలుసు. దానికీ గుండె దడ వస్తుంది.

2. అదేనని తేలాక, వచ్చినప్పుడు దాని పేరు పలకండి. "ఇది జడుపు. కాసేపట్లో దిగుతుంది. చంపదు." ఆపాలని కుస్తీ పట్టొద్దు. పట్టేకొద్దీ పెరుగుతుంది. గట్టిగా ఊపిరి పీల్చడం కాదు, నెమ్మదిగా వదలడం ముఖ్యం. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పాదాలు నేలకు ఆనించి ఆ నేలను గమనించండి. ఎదురుగా కనబడే ఐదు వస్తువుల పేర్లు లోపల చెప్పుకోండి. ఫ్యాను, బోర్డు, నీళ్ళ సీసా, కిటికీ చువ్వ, చెప్పులు. బుర్ర ఊహలోంచి గదిలోకి వస్తుంది.

3. ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లోనే తయారు చేసుకుని పెట్టుకోండి. మూడు జవాబులున్నాయి. కులం పేరు చెప్పడం ఒకటి. "ఎందుకడుగుతున్నారండీ?" అని తిరిగి అడగడం ఒకటి. "అది చెప్పనండీ" అనడం ఒకటి. మూడూ సరైనవే. ప్రతి బస్సులో ప్రతి పెద్దమనిషికీ కుల నిర్మూలన పాఠం చెప్పే డ్యూటీ మనకెవరూ వెయ్యలేదు.

4. పారిపోయిన చోటికి మళ్ళీ పోండి. ఇది అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే అవసరం. చిలకలూరిపేటలో దిగేశాక నేను ఐదు నెలలు బస్సెక్కలేదు. దిగినప్పుడు వచ్చిన హాయి ఉంది చూడండి, అదే ఉచ్చు. దిగితే బతుకుతామని ఒళ్ళు నేర్చుకుంటుంది. ఈరోజు బస్సు, రేపు సెమినార్, ఎల్లుండి ఇంటర్వ్యూ. ఒక్కొక్క చోటే మనం వదిలేస్తూ పోతే, ఎవరూ గెంటకుండానే ఊరి చివరికి చేరతాం. వాళ్ళు గోడ కట్టే ఖర్చు కూడా తప్పుతుంది. అందుకని కొద్దికొద్దిగా వెనక్కి పోవాలి. ముందు ఒక స్టాపు దూరం. తర్వాత రెండు.

5. ఒంటరిగా పోవద్దు. నన్ను మళ్ళీ బస్సెక్కించింది ధైర్యం కాదు, ఒక స్నేహితుడు. నాలుగుసార్లు నా పక్క సీట్లో కూర్చుని వచ్చాడు. పెద్దగా మాట్లాడలేదు కూడా. మీ గ్రూపులో ఎవరికైనా ఇట్లా వస్తుంటే వైవా రోజు గది బయట కూర్చోండి. ఇల్లు చూడ్డానికి వెంట పోండి. ఇది కూడా ఉద్యమ పనే, పోస్టర్ అంటించినంత పని.

6. తరచుగా వస్తుంటే, నిద్ర పోతుంటే, బతకాలనిపించకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. వాయిదా వెయ్యొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. దీనికి మాట్లాడే వైద్యముంది, మందులున్నాయి. రెండూ పనిచేస్తాయి, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. మెడికల్ షాపులో అడిగి అల్ప్రాజొలాం తెచ్చుకుని మింగడం మాత్రం చెయ్యొద్దు. అలవాటు పడితే వదిలించుకోవడం కష్టం. కౌన్సెలర్ "కులం సంగతి పక్కన పెట్టి మాట్లాడదాం" అంటే, ఆ కౌన్సెలర్ని మార్చండి. వైద్యాన్ని మానొద్దు.

ఇంత చేసినా సగమే అయినట్టు. ఊపిరి మనం సర్దుకుంటాం, గదిని ఎవరు సర్దాలి? 2012లోనే యూజీసీ నిబంధనలు ఉన్నత విద్యాసంస్థల్లో సమాన అవకాశాల సెల్ ఉండాలని, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని చెప్పాయి. మీ కాలేజీలో ఆ అధికారి పేరేమిటో రేపు ఆఫీసులో అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కుల వివక్ష లేని వైద్యం హక్కని రాసింది. 2025 జూలైలో, విశాఖలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో, వంద మందీ ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అట్టడుగు వర్గాల పిల్లలతో ఎట్లా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. మన కాలేజీల్లో కౌన్సెలర్ గది ఎక్కడుంది? చాలాచోట్ల విరిగిన బల్లలు పడేసిన గది తలుపు మీద బోర్డు ఉంది.

కాబట్టి విద్యార్థి సంఘాలు ఈ వారం ఒక్క పని చెయ్యండి. ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ అర్జీ. మూడు డిమాండ్లు. స్కాలర్‌షిప్ జాబితాలు క్లాసుల్లో చదవడం, నోటీసు బోర్డు మీద కులంతో అంటించడం ఆపాలి. కౌన్సెలర్‌ను వేయాలి. వివక్ష వ్యతిరేక అధికారి పేరూ ఫోన్ నంబరూ గేటు దగ్గర రాయాలి. నకలు తీసుకుని, దాని మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నాలాంటి లెక్చరర్లు ఎవరైనా ఇంకా పేర్లు చదువుతుంటే ఆ కాగితం వాళ్ళ టేబుల్ మీద కూడా పెట్టండి. సిగ్గుపడాల్సింది మేము.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ఆపుతా. తర్వాతి సెమిస్టర్‌లో మళ్ళీ ‘గబ్బిలం’ మీదే మాట్లాడతానంది. ఈసారి చార్టు పట్టుకోవడానికని స్నేహితురాలిని పక్కన నిలబెట్టుకుంది. నాలుగో నిమిషంలో ఆగిపోయింది. కాగితాలు మళ్ళీ వణికాయి. క్లాసు నిశ్శబ్దమైపోయింది. స్నేహితురాలు ఏమీ అనలేదు, చార్టు మీద తర్వాతి పాయింటు దగ్గర వేలు పెట్టి అట్లాగే నిలబడింది. అర నిమిషం. నాకు గంటలా అనిపించింది. నోటిదాకా వచ్చిన ‘ధైర్యంగా’ అనే మాటను మింగేశా.

ఆ పిల్ల ఊపిరి నెమ్మదిగా వదిలి, ఆ వేలు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

జై భీమ్.

(వచ్చే భాగం: అద్దె ఇళ్ళ గురించి. మీ అనుభవాలు పంపండి. పేర్లు రాయను.)